‘తగ్గింది’ అన్న మాట

కరోనాకు ముందటి ఏడు, ఎండలు ముదిరిన రోజుల్లో, నా ఉద్యోగ జీవితంలోకెల్లా వింతైన నియామకం ఒకటి వచ్చింది. అప్పటికి నేను వరంగల్‌లోని ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్‌ని. రిటైర్మెంటు దగ్గరపడింది. రక్త రోగాల క్లినిక్ నా యూనిట్ కిందే నడిచేది. ఈ నియామకం మాత్రం ప్రభుత్వం ఇచ్చింది కాదు. ఒక కథోలిక మేత్రాసనం ఇచ్చింది. మేత్రాసనం అంటే ఒక బిషప్పు పాలన కింద ఉండే చర్చిలన్నీ కలిసిన పరిధి. చనిపోయిన ఒక బిషప్పును పునీతుడిగా, అంటే సెయింటుగా, ప్రకటింపజేయాలని వాళ్ళు విచారణ నడుపుతున్నారు. ఆయన సమాధి దగ్గర మొక్కుకున్న ఒక స్త్రీకి రక్త క్యాన్సర్ నయమైందని ప్రచారం. ఆ అద్భుతాన్ని పరీక్షించే మండలికి వైద్య నిపుణురాలిగా ఉండమని నన్ను అడిగారు.

నేను హేతువాద సభల్లో పెరిగినదాన్ని. మా నాన్న వేదిక మీద పూజారినీ పాస్టర్నూ మౌల్వీనీ ఒకే తీరుగా నిలదీసేవాడు. నేనూ పత్రికల్లో బాబాల మీద, విభూతి మీద, నూనె ప్రార్థనల మీద నిప్పులు కురిపిస్తూ రాశాను, ఇప్పటికీ రాస్తున్నాను. అందుకని ఉత్తరం చేరవలసిన చోటు తప్పిందనుకున్నాను. ఫోన్ చేసి అదే మాట అన్నాను.

అవతల మాట్లాడింది ఫాదర్ రాయప్ప. ఆ మండలిలో ఆయన పదవి పేరు న్యాయ పరిరక్షకుడు. వచ్చిన సాక్ష్యాన్ని నమ్మడం ఆయన పని కాదు. అడ్డు ప్రశ్నలు వేసి, లోపాలు వెతకడమే పని. “మీరు నమ్మరనే పిలిచినం మేడం,” అన్నాడు. “నమ్మెటోళ్ళు మాకు మస్తుగున్నరు.”

నేను ఒప్పుకున్నది ఆ మాటకు కాదు, చనిపోయిన బిషప్పు కోసం. ఆయన పేరు ఇక్కడ రాయను. ఊళ్ళలో ఆయన్ని పెద్దసామి అనేవారు.

మతాధికారుల్లో నేను గౌరవించిన మనిషి ఆయనొక్కడే. ఆయన బిషప్పు అయ్యేనాటికి పల్లె చర్చిల్లో రెండు కులాల వాళ్ళకు రెండు వైపులు ఉండేవి. పూజలో అప్పం అందుకునే సత్ప్రసాదానికి వరసలు వేరు, సమాధుల తోటలో నడుమ గోడ. యేసు అందరివాడని పాడి, పాట కాగానే ఎవరి వైపు వాళ్ళు కూర్చునేవారు. రెండు వైపులున్న గుడిలో పూజ చేయనని పెద్దసామి ప్రకటించాడు. ఒక ఊరి పెద్దలు చర్చికి తాళం వేసి ఆయన్ని బయట నిలబెడితే, మాదిగ వాడ నడివీధిలో బల్ల వేయించుకుని పండగ పూజ అక్కడే చేశాడు. తర్వాత సమాధుల తోట గోడ కూలగొట్టించాడు. మొదటి గడ్డపార దెబ్బ తనే వేశాడంటారు. పవిత్ర తైలాన్ని మందులా పంచుతున్న గురువుల్ని, అంటే ఫాదర్లని, బదిలీ చేశాడు. బంగళాల్లో ఉంటున్న గురువుల్ని వాడల్లోకి పంపాడు. కలరా వచ్చినప్పుడు మేత్రాసన కార్యాలయం మూసేసి, మఠకన్యల్ని వెంటబెట్టుకుని నీళ్ళు కాగబెట్టడం నేర్పుతూ ఊళ్ళు తిరిగాడు. రోగం నయం కావాలని ప్రార్థన అడగడానికి వచ్చినవాళ్ళకు ఆయన పెట్టిన నియమం ఒకటుంది: ముందు దవాఖానకు పోయి చీటీ తేవాలి, తర్వాతే ప్రార్థన.

చివరి రోజుల్లో గుండె జబ్బుతో నా వార్డులోనే ఉన్నాడు. ప్రత్యేక గది వద్దన్నాడు. ఏ మాత్ర దేనికో అడిగి తెలుసుకుని మింగేవాడు. ఒక ఉదయం రౌండ్స్‌లో నన్ను ఆపి, “డాక్టరమ్మా, దేవుడు లేడని రాస్తవట గద,” అన్నాడు. ఔనన్నాను. “నీ పని సుఖం. లేనోనితోని లడాయేముంటది? ఉన్నోనితోని నాకు పొద్దుమాపు లడాయే.” పక్క మంచం మీది ముసలాయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

తన సమాధి మీద పేరు తప్ప ఏమీ ఉండకూడదని ఆయన చెప్పిపోయాడు. ఇప్పుడు దాని మీద పాలరాతి మండపం ఉంది. పిల్లలు లేనివాళ్ళు కట్టిన ఉయ్యాలలు, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, తలనీలాలు. కథోలికులే కాదు, మేడారం మొక్కులు తీర్చుకుని తిరిగి వచ్చేవాళ్ళు కూడా అక్కడ ఆగి దండం పెట్టుకుపోతారు. జీవితమంతా ఏ జబ్బును నయం చేయడానికి తిరిగాడో, చచ్చాక ఆయన్ని ఆ జబ్బుకే దేవుణ్ణి చేశారు. నా కోపమంతా దాని మీదే.

మండలి హసన్‌పర్తి దారిలోని ఒక కాన్వెంటులో కూర్చుంది. బిషప్పు తరఫున విచారణాధికారి ఒకరు, అడ్డు ప్రశ్నలకు ఫాదర్ రాయప్ప, సాక్ష్యం రాసుకోవడానికి నోటరీగా ఒక సిస్టర్, వైద్యం సంగతులకు నేను. బైబిలు మీద చేయి పెట్టమన్నారు. పెట్టనన్నాను. కోర్టుల్లో నాబోటి వాళ్ళకు ఉన్న పద్ధతిలో మనస్సాక్షి మీద ప్రమాణం చేశాను. వాళ్ళు అభ్యంతరపెట్టలేదు. విచారణ సంగతులు బయట చెప్పనని కూడా ప్రమాణం చేయించారు. ఇప్పుడు రాయడానికి ఫాదర్ రాయప్పే సరేనన్నాడు. ఊరు, పేర్లు మార్చాను.

అద్భుతమని ఒప్పుకోవడానికి చర్చి పెట్టుకున్న షరతులు కఠినమైనవి. జబ్బు ప్రాణాంతకమై ఉండాలి. నయం కావడం ఉన్నట్టుండి జరగాలి, సంపూర్ణంగా జరగాలి, నిలవాలి. ముఖ్యంగా, వైద్యం వల్ల జరిగి ఉండకూడదు. మన బాబాల భక్తులకు ఇందులో నాలుగో వంతు షరతులున్నా నా కలానికి సగం పని తగ్గేదని అనుకున్నాను.

సాక్షి పేరు మార్తమ్మ. కేసముద్రం దగ్గరి పల్లెలో మాదిగ వాడ మనిషి. మార్కెట్ యార్డులో మిర్చి తొడిమెలు తీసే కూలి. జబ్బని తెలిసినప్పుడు మొగుడు వదిలేసి పోతే, అన్న బాలస్వామి ఇంట్లో ఉంటోంది. ఆమెకు వచ్చింది రక్త క్యాన్సర్లలో నెమ్మదిగా నడిచే రకం. తెల్లకణాలు హద్దు లేకుండా పెరుగుతాయి, ప్లీహం ఉబ్బి కడుపు ఎడమవైపు గట్టిగా తగులుతుంది. పల్లెల్లో దాన్ని బల్ల అంటారు. ఒకప్పుడు ఇది మరణశిక్షే. ఇప్పుడు రోజూ మింగే మాత్ర ఉంది, మా క్లినిక్‌లో ఉచితంగా ఇస్తాం. మాత్ర మొదలుపెడితే నెలల్లోనే రక్తం మామూలవుతుంది, బల్ల కరుగుతుంది. కానీ జబ్బు వేరు లోపలే ఉంటుంది. చాలా ఏళ్ళు లోతుగా అణిగిన కొందరిలో మాత్రమే, పరీక్షలు చేస్తూ, మాత్ర ఆపి చూడవచ్చు. మిగిలినవాళ్ళు ఆపితే జబ్బు లేస్తుంది. మార్తమ్మ ఆ కొందరిలో మనిషి కాదు. ఆమె మాత్రలు మొదలుపెట్టి రెండేళ్ళు కూడా కాలేదు.

ఫాదర్ రాయప్ప అడిగాడు: “మార్తమ్మా, గోలీలు ఎందుకు బంద్ చేసినవు?”

“తగ్గినంక ఎందుకు ఫాదర్?”

“తగ్గిందని ఎవరు చెప్పిండ్రు?”

“దవాఖానలనే చెప్పిండ్రు. చిన్న డాక్టరు సారు కాయిదం చూసి, తగ్గిందమ్మా, మంచిగున్నవు అని నవ్విండు. ఆ సారు నవ్వంగ గప్పుడే చూసిన. ఎనుకముందు చూడక సామి కాడికి ఉరికిన. మొక్కిన మొక్కు ఉన్నది గద. ఆన్నే గోలీల డబ్బ ఇడిసిపెట్టచ్చిన.”

సిస్టర్ ఇంగ్లిషులో రాసుకుంటూ, పూర్తిగా స్వస్థత పొందింది అని వేసింది. నేను చేయి ఎత్తాను.

మన భాషలో ‘తగ్గింది’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ధర తగ్గిందంటే కొంత దిగింది, ఇంకా ఉంది. జ్వరం తగ్గిందంటే పోయింది. మా పీజీ కుర్రాడు రిపోర్టు చూసి చెప్పింది మొదటి అర్థంలో. మార్తమ్మ విన్నది రెండో అర్థంలో. ఇద్దరూ తప్పు తెలుగు మాట్లాడలేదు. తెలుగునాట ఏ ఆసుపత్రి వార్డులోనైనా పొద్దున లేస్తే వినబడే మాట అది. ఆ ఒక్క మాట సందులోంచి ఒక అద్భుతం దూరింది. బల్ల కరిగింది మాత్ర వల్ల. అది కరిగిన తర్వాతే ఆమె మొక్కు తీర్చడానికి సమాధి దగ్గరికి పోయింది. ఇదంతా చెప్పి, నిపుణురాలిగా నా విధి ప్రకారం పక్క గదిలో ఆమెను పరీక్షించాను. ఊపిరి లోపలికి పీల్చమన్నప్పుడు పక్కటెముకల కింద నా వేళ్ళకు బల్ల కొన తగిలింది. అది తిరిగి వస్తోంది. రక్త పరీక్ష అదే మాట చెప్పింది.

విచారణాధికారి దస్త్రం మూయించాడు. నయం కావడం గురించిన నాలుగు షరతుల్లో ఒక్కటీ నిలవలేదు. నాకు లోపల పండగలా ఉంది, దాచను. అంతటి పురాతన సంస్థ తన గదిలో, తన నియమాలతోనే, నా వాదన ఒప్పుకుంది. ఫాదర్ రాయప్ప నన్ను కారు దాకా సాగనంపుతూ, “పెద్దసామి బతికుంటే ఈ కట్ట మా నెత్తిన కొట్టేటోడు,” అన్నాడు. కారు తలుపు పట్టుకుని, “ఆమెకు ఎవరు చెప్తరు మేడం?” అని అడిగాడు.

మండలి చెప్పదు. విచారణ రహస్యం కదా. తీర్పు దస్త్రంలో ఉంటుంది, ప్రచారం ఊళ్ళలో ఉంటుంది, ఒకదానికి ఒకటి ఎదురుపడవు. సమాధి దారిలో మార్తమ్మ ఫొటోతో ఫ్లెక్సీ అప్పటికే వెలిసింది. కనుక ఆమె డాక్టరుగా నేనే వెళ్ళాను, మాత్రలు సంచిలో పెట్టుకుని.

ఆ ఆదివారం బాలస్వామి ఇంటి ముందు నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఎవరో పొరుగూరి నుంచి జ్వరం పిల్లను తెచ్చి మార్తమ్మ చేత తల నిమిరిస్తున్నారు. మొగుడు వదిలేసిన మనిషికి, జబ్బు మనిషని చెంబు కూడా వేరుగా పెట్టిన మనిషికి, ఇప్పుడు చర్చిలో ముందు వరస. పండగనాడు మొదటి కొవ్వొత్తి ఆమెదే. నన్ను చూసి లేచి కుర్చీ తుడిచింది.

“బల్ల మళ్ళా వస్తున్నది మార్తమ్మా. గోలీలు వేసుకోవాలె.”

“తగ్గిందన్నరు గద మేడం.”

“తగ్గిందంటే పోయిందని కాదు.”

“మరి జరం తగ్గిందంటే పోయినట్టా, ఉన్నట్టా?”

ఆడవాళ్ళు నవ్వారు. నేను లోపలికి తీసుకుపోయి అంతా మొదటి నుంచి చెప్పాను. వేరు సంగతి చెప్పాను, ఆలస్యమైతే మాత్ర కూడా పనిచేయని దశ వస్తుందని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదని అనలేను. మొహం వాడిపోయింది. గడప అవతల కూర్చున్న ఆడవాళ్ళ వైపు చూసి అంది:

“ఇప్పుడు నేను గోలీ మింగితే సామి అబద్ధమైతడు మేడం.”

“సామి కూడా గోలీలు మింగిండు. నా చేతుల మీదుగనే ఇచ్చిన.”

“ఆయన మొక్కుకుందామంటే ఇంకో పెద్దసామి లేకపాయె గద.” అది వెటకారం కాదు, జాలిపడుతూ అన్న మాట.

ఎవరికీ చెప్పకు, గోలీ చాటుగా వేసుకో, నేను కూడా చెప్పను అన్నాను. నా బతుకులో చాటు పని చేయమని ఎవరికైనా చెప్పింది అదొక్కసారే.

“ఎవ్వలకు చెప్పకున్నా సామికి ఎరుక కాదా?”

చచ్చిపోయినవాళ్ళకు ఏదీ ఎరుక కాదన్నాను. అది నిజం. ఆ నిజం విని మార్తమ్మ, మంచం మీద నేను పెట్టిన మాత్రల డబ్బా తీసి, మర్యాదగా నా సంచిలో తిరిగి పెట్టింది.

ఇక మిగిలింది ఫాదర్ రాయప్ప. విచారణ సంగతి ఎత్తకుండా, మాత్ర వేసుకోమని గురువుగా చెప్పడానికి ఆయనకు అడ్డు లేదు. తర్వాతి ఆదివారం ఆ ఊరికి పోయి పూజ చేసి, ప్రసంగంలో పెద్దసామి పెట్టిన నియమం గుర్తుచేశాడు. ముందు దవాఖాన, తర్వాత ప్రార్థన. డాక్టరు ఇచ్చిన మందు ఆపడం భక్తి కాదు, పెద్దసామి వింటే కోప్పడేవాడు అని ఇంత సూటిగా చెప్పాడు. నేను వెనక వరసలో కూర్చున్నాను. చర్చిలో కూర్చోవడం నాకు అదే మొదలు. ప్రసంగం నాకు నచ్చింది. నేను రాసినా అంతకన్నా బాగా రాయలేకపోయేదాన్ని.

పూజ అయ్యాక బాలస్వామి మెట్ల మీద ఎదురు నిలిచాడు. గొంతు పెంచలేదు.

“ఫాదర్, మీది ఏ ఊరు?”

ఫాదర్ రాయప్ప చెప్పాడు. రెడ్లు ఎక్కువున్న కథోలిక ఊరు అది, ఆయనా ఆ ఇళ్ళలోవాడే.

“మీ అమ్మకు ఇట్ల అద్భుతమైతే గూడ, గోలీలు మింగమని పీఠం మీదకెల్లి చెప్పెటోళ్ళా?”

“చెప్పెటోన్ని బాలస్వామీ.”

“ఏమో. ఇన్నేండ్లకు ఒక్క అద్భుతం మా వాడకచ్చింది. దాన్ని గూడ గుంజుకుంటరా?”

ఆ అనుమానం తప్పని తేల్చడానికి రక్త పరీక్ష లేదు. గుడిలో చోటు గుంజుకున్నారు, సమాధుల తోటలో చోటు గుంజుకున్నారు. ఒక మనిషి ఆ గోడ కూలగొడితే ఆయన్నే వాళ్ళు నమ్మారు. ఇప్పుడు ఆయన ఇచ్చిందనుకుంటున్నదాన్ని వదలమని చెప్పడానికి గోడకు అవతలివైపు పుట్టిన గురువు ఒకరు, ఏ వైపూ లేదని చెప్పుకునే డాక్టరు ఒకరు బయలుదేరారు. మాట నిజమే. తెచ్చిన మనుషుల్ని బట్టి అది దొంగసొత్తులా కనిపించింది. మార్తమ్మ అన్న వెనక నిలబడి నేల చూస్తోంది. ఆ రోజు తర్వాత మాత్ర మింగడమంటే ఒక్క సామికే కాదు, వాడకూ ద్రోహం చేయడమైంది.

ఇంకో రెండుసార్లు ఆశా కార్యకర్తతో కబురు పంపాను. మార్తమ్మ రాలేదు. చలి మొదలయ్యాక బాలస్వామే ఆటోలో తెచ్చాడు. జ్వరం, చిగుళ్ళ నుంచి రక్తం, కడుపు సగం దాకా బల్ల. జబ్బు ముదిరిన దశకు చేరింది. మేము భయపడేది ఆ దశకే. వార్డులో చేర్చగానే మాత్ర ఇస్తే ఏమీ అనకుండా మింగింది. ఊళ్ళో అంత పట్టుపట్టి ఇప్పుడెట్లా మింగావని అడిగాను. “ఈడ నేను పేషెంటునే గద మేడం. ఆడనే సాక్షిని,” అంది. మాత్ర పనిచేసే కాలం దాటిపోయింది. పెద్ద మందులు తట్టుకునే శక్తి ఆమె ఒంట్లో లేదు. వారం తిరక్కముందే పోయింది.

మరణ ధ్రువీకరణలో కారణం నేనే రాశాను. ఊళ్ళో రాసుకున్న కారణం వేరు. సామి బాగుచేసిన ఒంట్లోకి దవాఖానలో గోలీలు ఎక్కించారు కాబట్టే మార్తమ్మ పోయిందని అక్కడ స్థిరపడింది. బాలస్వామి నాకు ఎదురుపడినప్పుడు తిట్టలేదు. తల తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఆ ఊరి నుంచి మా క్లినిక్‌కు వచ్చే మరో ఇద్దరు రోగులు రావడం మానేశారు. వాళ్ళ కోసం మనిషిని పంపితే, ఇంట్లో లేరని చెప్పించారు.

మా హేతువాద మిత్రుల్లో ఒకరికి సంగతి కొంత తెలిసి, ఒక అద్భుతాన్ని చర్చి చేతనే కొట్టివేయించావని అభినందించాడు. దాన్ని సభలో చెప్పమన్నాడు. చెప్పడానికి నాకు విషయం కనిపించలేదు. వాదన ఎక్కడ గెలిచానో అక్కడ రోగి లేదు, రోగి ఎక్కడ ఉందో అక్కడ వాదనకు ప్రవేశం లేదు.

ఈ ఉదంతం నుంచి వృత్తిపరంగా నేర్చుకున్నది చిన్నది. మా యూనిట్‌లో దీర్ఘరోగులకు ‘తగ్గింది’ అని చెప్పడం ఆపించాను. ‘అణిగి ఉంది, మాత్ర ఆపితే లేస్తుంది’ అని చెప్పి, విన్నదాన్ని రోగి నోట తిరిగి చెప్పించుకోవాలని నియమం పెట్టాను. అది కొందరికి పనికొచ్చింది. రెండోది నియమంగా రాయలేనిది. మార్తమ్మకు మాత్ర చేదు కాలేదు. దాన్ని మింగాలంటే ఆమె తన జీవితంలో దొరికిన ఒకే ఒక్క గౌరవాన్ని, తన వాడకు దొరికిన ఒకే ఒక్క వరాన్ని వదులుకోవాలి. ఆ షరతు మందు చీటీ మీద ఉండదు, అయినా రోగి చదవగలదు. అంత ఖరీదైన షరతు కింద ఇచ్చే ఏ వైద్యమూ నిలవదు. ఆ షరతును తీసేసే పని డాక్టరు చేతుల్లో లేదు, గురువు చేతుల్లో లేదు. ఎవరి చేతుల్లో ఉందో నేను ఉద్యోగం వదిలేనాటికి తెలుసుకోలేదు. ఇప్పటికీ తెలియదు.